మన ఇంట్లో ఊపిరి తీసేవాళ్లెందరు?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని జనాభా లెక్కలవాళ్లు అడిగితే మనం తడుముకోకుండా చెప్పేస్తాం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు, వెరసి ఆరుగురం అని. కాని మీ ఇంట్లో ఊపిరి తీసేవాళ్లెందరు అని అడిగితే మటుకు ఆ లెక్క చాలదు. బాల్కనీలో తులసి మొక్క ఊపిరి తీస్తుంది. గాజుతొట్టెలో బంగారు చేప తీస్తుంది. సింకు కింద దాక్కున్న బొద్దింక తీస్తుంది. మూత పెట్టని నీళ్ల డ్రమ్ములో దోమ పిల్లలు తీస్తాయి. బుట్టలో బంగాళాదుంపలు, సంచిలో కొత్తిమీర, మొలకలకోసం నానబోసిన పెసలు, ఇవి కూడా తీస్తాయి. ఆఖరికి మన పొయ్యి కూడా ఒక రకంగా ఊపిరి తీసేదే. ఇంత పెద్ద సంసారం ఒక్క కప్పు కింద ఒక్క గాలినే పంచుకుంటోందన్నమాట. ఆ పంపకం ఎలా జరుగుతుంది, అందులో ఇల్లాలి చేతిలో ఉన్నదేమిటి అన్నది ఇవాళ మనం మాట్లాడుకుందాం.

నోముల్లో, వ్రతాల్లో మనం వాయనాలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఒకరు ఇవ్వాలి, ఒకరు పుచ్చుకోవాలి. రెండూ జరిగితేనే వాయనం అయినట్టు. ఊపిరి కూడా అచ్చంగా అంతే. మనం తిన్న అన్నాన్ని శరీరం లోపల సన్నగా మండించుకుంటేనే మనకు వేడి, శక్తి వస్తాయి. ఆ మంటకు ప్రాణవాయువు కావాలి. మండగా బొగ్గుపులుసు గాలి మిగులుతుంది. పిల్లల పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్ అని ఉండేది ఇదే. ప్రాణవాయువు లోపలికి రావాలి, బొగ్గుపులుసు గాలి బయటికి పోవాలి. మనం పీల్చే గాలిలో నూటికి 21 వంతులు ప్రాణవాయువు. విడిచే గాలిలో సుమారు 16 వంతులే ఉంటుంది. పీల్చేటప్పుడు నామమాత్రంగా ఉన్న బొగ్గుపులుసు గాలి, విడిచేటప్పుడు నూటికి 4 వంతులు అవుతుంది. ఇదే మన ఇచ్చిపుచ్చుకోలు.

ఊపిరి అంటే మెల్లగా మండటమేనని కనిపెట్టి చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లవోజియే. ఆయన పేరు పాఠాల్లో వస్తుంది గాని, ఆయన భార్య మేరీ ఆన్ పేరు అంతగా వినపడదు. 1771లో పెళ్లినాటికి ఆవిడకు 13 ఏళ్లు. కాపురానికి వచ్చాక రసాయన శాస్త్రం నేర్చుకుంది. ఇంగ్లీషు నేర్చుకుని, ఆ భాషలో వచ్చిన శాస్త్ర గ్రంథాలను భర్తకోసం ఫ్రెంచిలోకి మార్చింది. బొమ్మలు వెయ్యడం నేర్చుకుంది. 1790 ప్రాంతంలో లవోజియే మనుషుల ఊపిరిమీద ప్రయోగాలు చేశాడు. ఊరికే కూచున్నప్పుడు మనిషి ఎంత ప్రాణవాయువు ఖర్చు చేస్తాడు, కాలితో పని చేస్తున్నప్పుడు ఎంత ఖర్చు చేస్తాడు అని కొలిచాడు. ఆ ప్రయోగం ఎలా జరిగిందో ఇవాళ మనం కళ్లారా చూడగలుగుతున్నామంటే అది మేరీ ఆన్ గీసిన బొమ్మల చలవే. ఆ బొమ్మలో ఒక పక్కగా బల్ల దగ్గర కూచుని లెక్కలు రాసుకుంటున్న స్త్రీ కూడా ఉంటుంది. అది తనే. 1794లో విప్లవకాలంలో భర్తకు మరణశిక్ష పడితే, ఆ దుఃఖంలోంచి తేరుకుని ఆయన రాతలను అచ్చు వేయించింది కూడా ఆవిడే.

సరే, ఇక మన సంగతికి వద్దాం. ఊపిరి తీసేందుకు ఒక్కొక్క ప్రాణి ఒక్కొక్క పద్ధతి పెట్టుకుంది. పద్ధతులు వేరయినా అన్నిటికీ కావలసినవి నాలుగే. పల్చని పొర ఉండాలి. అది తడిగా ఉండాలి. విశాలంగా ఉండాలి. దాని పక్కన గాలి ఎప్పటికప్పుడు మారుతూ ఉండాలి. ఈ నాలుగింటిని గుర్తు పెట్టుకుంటే తక్కినదంతా సులువే.

వానపామును చూడండి. దానికి ముక్కూ లేదు, ఊపిరితిత్తులూ లేవు. తడి చర్మమే దాని ఊపిరితిత్తి. ఎండకు చర్మం ఆరిందా, ఊపిరాడక చస్తుంది. బొద్దింకకు నోటితో ఊపిరి లేదు. ఒంటికి రెండు పక్కలా బొత్తాం కాజాల్లా 10 జతల రంధ్రాలుంటాయి. వాటిలోంచి సన్నటి గొట్టాలు ఒళ్లంతా పాకి, గాలిని మూలమూలకూ చేరవేస్తాయి. అందుకే తల తెగినా బొద్దింక కొన్నాళ్లు బతికే ఉంటుంది. దానిమీద చిక్కటి సబ్బు నీళ్లు చల్లితే చావడానికి కారణం కూడా ఆ రంధ్రాలే. మామూలు నీళ్లు వాటిలోకి దిగవు, సబ్బు నీళ్లు దిగుతాయి.

నీళ్లలో మెలికలు తిరిగే దోమ పిల్లలు తలకిందులుగా వేళ్లాడుతూ కనిపిస్తాయి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే రకాలకు తోక దగ్గర ఒక గొట్టం ఉంటుంది. దాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తాయి. మురికి నీళ్లమీద నూనె చుక్కలు వేస్తే పైన పొర కట్టి ఆ గొట్టానికి గాలి అందదు. అంతే, పని పూర్తయినట్టే. తాగే నీళ్లలో నూనె వెయ్యం గదా! అక్కడికి వేరే ఉపాయం ఉంది. గుడ్డు దోమగా మారడానికి వారం పదిరోజులు పడుతుంది గనక, వారానికొకసారి డ్రమ్ములు, తొట్లు వంచేసి తోమి ఆరబెట్టడమే. సికింద్రాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినప్పటినుంచి దోమ మీద యుద్ధం జరుగుతూనే ఉంది. అందులో మన వంతు ఈ వారం వారం తోముడు.

ఇంకొకటి చూడండి. కందిపప్పుకు, పెసలకు ఆముదం రాసి ఎండబెట్టి దాచడం మన అమ్మమ్మలు నేర్పిన విద్యే గదా. పురుగు గింజ మీద పెట్టే గుడ్డు కూడా ఊపిరి తీస్తుంది. ఆ గుడ్డును నూనె పూత కప్పేస్తే దానికి గాలి ఆడదు. ఇక పురుగు పుట్టదు. శాస్త్రం పేరు తెలియకపోయినా శాస్త్రం తెలిసినవాళ్లు మన పెద్దవాళ్లు.

చేపల సంగతి మరీ చిత్రం. నీళ్లలో కరిగే ప్రాణవాయువు బహు తక్కువ. మన వేసవి వేడికి లీటరు నీటిలో 7, 8 మిల్లీగ్రాములకు మించదు. అదే లీటరు గాలిలో అయితే ముప్ఫై రెట్లకు పైగా ఎక్కువ. అంత పేదరికంలోంచి ప్రాణవాయువును లాగాలి గనక చేపకు మొప్పలున్నాయి. దువ్వెన పళ్లలాగా వందలాది సన్నటి రేకులు, వాటి నిండా రక్తం. నీళ్లు ఒకవైపుకు పారుతుంటే లోపల రక్తం ఎదురుగా పారుతుంది. అందుకే మనం పీల్చిన గాలిలో నాలుగో వంతు ప్రాణవాయువునే తీసుకోగలిగితే, చేప నీళ్లలోంచి మూడు వంతుల దాకా పిండుకోగలదు. మరి గాలిలో అంత ప్రాణవాయువు ఉండగా ఒడ్డున పడ్డ చేప ఎందుకు చస్తుంది? నీళ్లు లేక ఆ రేకులన్నీ తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విశాలమైన జాగా కాస్తా ఇరుకైపోతుంది. బజారులో మనం మొప్ప ఎత్తి ఎర్రగా ఉందా అని చూస్తామే, అది చూడటం చేప ఊపిరితిత్తిని చూడటమే. కొర్రమీను మాత్రం వేరు. అది నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. అందుకే కొద్దిపాటి నీళ్లలో కూడా తొట్టెలో బతికి ఉంటుంది. ఇంట్లో గాజుతొట్టె ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆకలి అనుకోకండి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిందేమో చూడండి. నీళ్లు కొంత మార్చి, వెడల్పు మూతి ఉన్న తొట్టెలోకి మార్చండి.

మన ఊపిరితిత్తుల్లో కూడా ఆ నాలుగు సూత్రాలే. ద్రాక్షగుత్తుల్లాంటి బుల్లి బుల్లి గాలిగదులు సుమారు 30 కోట్లు. వాటి గోడ తలవెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. వాటన్నిటినీ విప్పి నేలమీద పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. అంటే పదకొండు చీరలు పక్కపక్కన పరిచినంత జాగా! ఒంటిమీద చర్మమంతా కలిపినా రెండు చదరపు మీటర్లు లేదు. పదకొండు చీరల జాగాను గుండె పక్కన రెండు సంచుల్లో మడిచి పెట్టిన నేర్పు చూశారా! రోజుకు 21,600 శ్వాసలని మన పెద్దలు లెక్క చెబుతూంటారు. నిమిషానికి 15 చొప్పున కడితే సరిగ్గా అంతే వస్తుంది. ఒక్కొక్క శ్వాసకు అర లీటరు అనుకుంటే రోజుకు 10,800 లీటర్ల గాలి. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 720 బిందెలు. రోజుకు రెండు మూడు లీటర్లు తాగే నీళ్లకు వడకట్టడం, కాచడం, ఫిల్టరు పెట్టడం అన్నీ చేస్తున్నాం. 720 బిందెల గాలి సంగతి ఎవరు చూస్తున్నారు?

ఇక వంటింట్లోకి వెడదాం. చెట్టునుంచి కోసినంత మాత్రాన కూరగాయ చచ్చిపోదు. మనం తరిగి పొయ్యిమీద పెట్టేదాకా అది ఊపిరి తీస్తూనే ఉంటుంది. తనలో దాచుకున్న తీపిని, పిండిపదార్థాన్ని మండించుకుంటూ ఉంటుంది. అందుకే రోజులు గడిచే కొద్దీ రుచి తగ్గుతుంది. కొత్తిమీర, పాలకూర, పచ్చి బఠాణీ జోరుగా ఊపిరి తీసే రకం. ఉల్లి, బంగాళాదుంప నిదానంగా తీసే రకం. చల్లదనంలో ఊపిరి నెమ్మదిస్తుంది గనకే ఫ్రిజ్‌లో కూర నాలుగు రోజులు నిలుస్తుంది. కొత్తిమీరను ప్లాస్టిక్ సంచిలో బిగించి మూటకడితే, ఊపిరి తేమంతా లోపలే నిలిచి, చెమటపట్టి, మర్నాటికి జిగురొస్తుంది. వేళ్లు కోసేసి, తడి లేకుండా పల్చని గుడ్డలోనో కాగితంలోనో చుట్టిపెట్టండి. బంగాళాదుంపలను బొత్తిగా గాలాడకుండా మూసిపెడితే పైకి నిగనిగలాడుతూనే మధ్యలో నల్లబడతాయి. వాటికి బుట్టే మేలు. పెసలు మొలకెత్తాలన్నా ఇదే సంగతి. రాత్రంతా నానాక నీళ్లు వార్చేసి తడిగుడ్డలో మూట కడతాం. తడీ ఉంది, గాలీ ఉంది. నీళ్లలోనే వదిలేస్తే గాలందక కుళ్లు వాసన వస్తుంది. తులసి కుండీకి అడుగున చిల్లు పెట్టేది కూడా వేళ్లకు ఊపిరాడేందుకే. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, బురదలోంచి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలి లేక ఆ చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీస్తుంది.

గింజ ఊపిరి తీస్తుందంటే కొందరికి నమ్మకం కుదరదు. పల్లెటూళ్లలో ధాన్యం, జొన్నలు నేలలో పాతర వేసేవాళ్ల మాట గుర్తు తెచ్చుకోండి. పాతర తెరిచిన వెంటనే దిగవద్దనేవారు. గింజలు, వాటితోపాటు పురుగు, బూజు, అన్నీ కలిసి నెలల తరబడి లోపలి ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసు గాలిని నింపి ఉంచుతాయి. తెలియక దిగినవాడు కూలిపోతాడు. వాణ్ని తియ్యడానికి దిగిన రెండోవాడూ కూలిపోతాడు. వచ్చేదారి, పోయేదారి లేని గాలి ఎంత పని చేస్తుందో చూశారా!

మరి మొక్కల మాట. రాత్రిపూట గదిలో మొక్క ఉంటే ప్రాణవాయువంతా అదే లాగేస్తుందని ఒక భయం ఉంది. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే ఆయన, మొక్క ఎండలోనే ప్రాణవాయువును వదులుతుందని, అదీ పచ్చని భాగాలే ఆ పని చేస్తాయని నిరూపించాడు. రాత్రి మనలాగే అది కూడా ప్రాణవాయువు తీసుకుంటుంది. నిజమే. కాని ఒక కుండీ మొక్క తీసుకునేది, పక్కన పడుకున్న మనిషి తీసుకునే దాంట్లో బహు స్వల్పం. కాబట్టి భయం వద్దు. అలాగని మూసిన గదిలో నాలుగు కుండీలు పెట్టి గాలి బాగుపడిపోయిందనుకోవడమూ పొరపాటే. తెరిచిన కిటికీ చేసే పని కుండీ చెయ్యలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. పొయ్యి కూడా ఊపిరి తీస్తుందన్నాను గదా. దానికి చాలినంత గాలి అందితే ప్రాణవాయువు తీసుకుని బొగ్గుపులుసు గాలిని వదులుతుంది. గాలి చాలకపోతే వేరే వాయువును వదులుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. ఇంట్లోకి వచ్చినట్టే తెలియదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే ఎర్రటి పదార్థం హెమోగ్లోబిన్. ఈ విషవాయువు దాన్ని ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ముందే ఆక్రమించేసినట్టు. బయట ప్రాణవాయువు ఉన్నా ఎక్కడానికి చోటుండదు.

చలికాలంలో తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదన్న వార్త మన దేశంలో ఏటా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది. బొగ్గులు పొగ రాకుండా ఎర్రగా ఉన్నాయి గదా, ఇంకేం భయం అనుకుంటారు. పొగ లేకపోవడం విషం లేకపోవడం కాదు. పట్నాల్లో స్నానాల గదిలో గ్యాసు గీజరు బిగించి, కిటికీ మూసేసి స్నానం చేసేవాళ్లకూ ఇదే ప్రమాదం. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు. ఇంట్లో ఒక్కరికి కాదు, ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి అంటే అనుమానించాలి. వెంటనే తలుపులు తెరిచి, పొయ్యో గీజరో ఆర్పి, మనుషుల్ని బయటి గాలికి తెచ్చి, ఆస్పత్రికి తీసుకుపోవాలి. కుంపటి ఉందనో గీజరు వెలుగుతోందనో డాక్టరుగారికి తప్పకుండా చెప్పాలి. కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలో వేలికి తగిలించే ఆక్సీమీటరు కొనుక్కున్నాం. అది ఈ విషవాయువును, ప్రాణవాయువును వేరుచేసి చెప్పలేదు. అంకె 98 చూపించినా నమ్మి ఇంట్లో కూచోకూడదు.

బ్రిటన్ బొగ్గు గనుల్లో ఈ వాయువును కనిపెట్టడానికి కానరీ అనే పసుపుపచ్చ పిట్టను పంజరంలో తీసుకుపోయేవారు. 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సలహా అది. 1986 దాకా ఆ పద్ధతి నడిచింది. పిట్టే ఎందుకు? చిన్న ప్రాణి తన ఒంటి బరువును బట్టి చూస్తే పెద్ద ప్రాణికంటే చాలా ఎక్కువ గాలి పీలుస్తుంది. విషం ముందు దానికే ఎక్కుతుంది. పిట్ట కూలితే మనుషులు బయటికి పరుగెత్తేవారు.

మన ఇళ్లలో అంత చిన్న ప్రాణి ఎవరు? చంటిపిల్ల. మనం నిమిషానికి 15 సార్లు ఊపిరి తీస్తే అప్పుడే పుట్టిన పిల్ల 40 సార్లు తీస్తుంది. ఆ పిల్లను మనం ఎక్కడ పడుకోబెడతాం? పురిటి గదిలో. గాలి తగిలితే బాలింతకు వాతమనీ, పిల్లకు జలుబనీ తలుపులు, కిటికీలు బిగిస్తాం. కొన్ని ఇళ్లలో మంచం కింద కుంపటి. స్నానం కాగానే నిప్పులమీద సాంబ్రాణి వేసి, పిల్లను ఆ పొగ మీద అటూ ఇటూ తిప్పుతాం. రాత్రికి దోమల చుట్ట. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి పొగ నలుసులు 75 సిగరెట్లకు పైగా కాల్చినదానితో సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. ఇంత ప్రేమా కలిసి ఆ పసిగుడ్డు గాలిగదుల్లోకే పోతోంది.

పెద్దవాళ్ల ఆచారాన్ని తీసిపారెయ్యమని నేను చెప్పడంలేదు. బాలింతకు వెచ్చదనం కావాలన్నది నిజం. పిల్లకు చలిగాలి సూటిగా తగలకూడదన్నదీ నిజం. కాని వెచ్చదనం వేరు, మూసేసిన గాలి వేరు. పిల్లకు మెత్తని గుడ్డలు, తల్లి ఒడి, తలకు టోపీ, ఇవి చాలు వెచ్చదనానికి. కిటికీ ఒక రెక్క తీసి, మంచం దానికి ఎదురుగా లేకుండా జరిపితే చలి తగలదు, గాలి మారుతుంది. పిల్ల జుట్టు ఆరడానికి పొడిగుడ్డ చాలు. సాంబ్రాణి వెయ్యాల్సిందేనని అత్తగారు పట్టుబడితే, "అత్తయ్యగారూ, దేవుడి గదిలో వేద్దామండీ, పిల్ల ముక్కుకు మాత్రం వద్దు" అని నెమ్మదిగా చెప్పండి. దోమలకు దోమతెర ఉండనే ఉంది. కుంపటి మాత్రం మూసిన గదిలో ఎవరు చెప్పినా వద్దు. ఇంట్లో సిగరెట్టు కాల్చే అయ్యగారికి గుమ్మం చూపించండి, మొహమాటం అక్కర్లేదు.

పుట్టకముందు కూడా బిడ్డకు ఈ వాయనం తప్పదు. కడుపులో బిడ్డకు ఊపిరితిత్తులు పని చెయ్యవు గదా. మాయ ద్వారా తల్లి రక్తంనుంచి ప్రాణవాయువు తీసుకుని, బొగ్గుపులుసు గాలిని తల్లికే ఇచ్చేస్తుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలవవు. మధ్యన పల్చటి పొర ఒకటుంటుంది. మళ్లీ అదే సూత్రం. కాబట్టి కట్టెల పొగలో వండే గర్భిణి తన ఒక్కతెకోసం పీల్చడంలేదు. ఆ పొగవల్ల బిడ్డలు తక్కువ బరువుతో పుడుతున్నారని పరిశోధనలు చెబుతున్నాయి. ఇళ్లలోని పొగవల్ల ప్రపంచంలో 2020లో సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టింది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి ఎందరో ఆడవాళ్లకు గ్యాసు పొయ్యి అందింది. అయినా సిలిండరు ఖరీదుకు భయపడి కట్టెల పొయ్యి కూడా కొనసాగిస్తున్న ఇళ్లు తక్కువేం కాదు. మన ఇంట్లో పని చేసే అమ్మాయి ఇంట్లో ఏ పొయ్యి ఉందో ఎప్పుడైనా అడిగారా? ఒకసారి అడగండి.

ఇంకొక్క సంగతి. గాలి బాగానే ఉన్నా, ఊపిరితిత్తులు బాగానే ఉన్నా, మేడమెట్లు ఎక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం అనే స్త్రీలు మనలో ఎందరో. ఇచ్చేవాళ్లున్నారు, పుచ్చుకునేవాళ్లున్నారు, మోసుకుపోయే బండ్లే లేవు. ఆ బండే హెమోగ్లోబిన్. దానికి ఇనుము కావాలి. స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలంటారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో నూటికి 57 మంది స్త్రీలకు రక్తం తక్కువగా ఉందని తేలింది. అంటే సగంమందికి పైగా లోపల ఊపిరి చాలనివాళ్లమే. అందరికీ వడ్డించి, మిగిలినది తిని, లేకపోతే మజ్జిగ తాగి పడుకునే అలవాటు దీనికి కొంత కారణం. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి. భోజనం అవుతూనే కాఫీ, టీ తాగకండి, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆయాసం ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. "నాకేమిటిలే" అనకండి.

చివరగా, ఇవాళ నుంచి చెయ్యగలిగినవి నాలుగు ముక్కల్లో చెబుతాను. వంట మొదలుపెట్టే ముందు వంటింటి కిటికీ తియ్యండి. గాలి వచ్చేదారి ఒకటి, పోయేదారి ఒకటి ఉండాలి. ఒక్క కిటికీ తీసి ఎదురు తలుపు మూస్తే గాలి కదలదు. గ్యాసు మంట నీలంగా ఉందా చూడండి. పచ్చగా మండుతూ గిన్నెలకు మసి పడుతుంటే బర్నరు శుభ్రం చేయించండి. గ్యాసు గీజరు ఉంటే దాన్ని స్నానాల గది బయట బిగించి, దాని పొగ గొట్టం ఇంటి బయటికి పోయేలా చూడండి. ఏసీ గదిలో నలుగురు పడుకుంటుంటే పొద్దున లేవగానే తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. వీలైతే రాత్రి కూడా కొద్దిగా సందు ఉంచండి.

ఇల్లు కట్టుకునేటప్పుడు వాస్తు చూస్తాం, అలమరలు చూస్తాం, వంటగట్టుకు రాయి ఏ రంగో చూస్తాం. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో కూడా అడగండి. అన్నం పెట్టేది మనమే, నీళ్లు పట్టేది మనమే. ఆ ఇంట్లో ఊపిరి తీసే ప్రతి ప్రాణికీ గాలి సరిగా అందుతోందా అని చూసే పని కూడా మన చేతిలోనే ఉంది. దానికి డబ్బు ఖర్చు లేదు. గొళ్లెం తియ్యడమే.